సగటున ఆగే ప్రెస్సు

ఇప్పుడే వస్తానని రాసి వెళ్ళాడు. స్టోర్సు కిటికీ రేకు కిందికి దించి, దాని మీద సుద్దముక్కతో ‘ఇప్పుడే వస్తాను’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు స్టోర్సు చూసే మహానుభావుడు. ఆ ఇప్పుడు ఎప్పుడో మాత్రం రాయలేదు. ఎవరు రాస్తారు గనక, ఇప్పుడే అన్నమాటకి గడువు పెట్టినవాడు ఈ ఫ్యాక్టరీలో ఒక్కడున్నాడా? నాకు కావలసింది ఒక ఎర్రతాళం, పొద్దున్నే నా పేరు చెప్పి అడిగి పెట్టాను, అరచేతిలో పట్టేంతది, ఆ రేకు సందులోంచి కన్ను పెట్టి చూస్తే గోడకి కొక్కేల మీద వరసగా వేలాడుతూ కనిపిస్తున్నాయి కూడా, చెయ్యి మాత్రం దూరదు. ఒక గంటలో అతిథులొస్తారు. ఇనపరేకుల్ని ఒత్తే మా కొత్త ప్రెస్సు కొనడానికి వస్తున్నవాళ్ళు. వాళ్ళ ముందు ప్రెస్సు నడిపే బాబాయ్ చొక్కా చెయ్యి పైకి మడిచి, దిగుతున్న ప్రెస్సు కింద తన కుడిచెయ్యి పెడతాడు. ప్రెస్సు ఆ చెయ్యిని చూసి మధ్యలోనే ఆగిపోవాలి. అది ఆగకపోవచ్చని నాకు నిన్న సాయంత్రం తెలిసింది, తెలిసి కూడా నేనిక్కడ బల్ల మీద కూర్చుని జేబులో తాళంచెవి అటూ ఇటూ తిప్పుకుంటూ ఒక సుద్ద అక్షరాల వంక చూస్తున్నాను.

ఎర్రతాళం అంటే మా షాపులో ఒక కట్టుబాటు. ఏ మిషనైనా ప్రమాదమనిపిస్తే దాని మెయిన్ స్విచ్ ఆపి, ఆ పిడికి ఉన్న కన్నంలో నీ తాళం వేసుకుని చెవి నీ జేబులో పెట్టుకోవాలి. వేసినవాళ్ళే తియ్యాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు, పెద్ద సారైనా సరే. నేను చేరిన కొత్తలో ఒకాయన తాళం వేసి మర్చిపోయి ఇంటికెళ్ళిపోతే, ఆయన్ని పెళ్ళివిందులోంచి లేపి తీసుకొచ్చారు గాని తాళం మాత్రం కొయ్యలేదు. అంత గట్టి కట్టుబాటు. మిషను పక్కన పెద్ద ఎర్రబొత్తం ఒకటుంటుంది, అది నొక్కినా ఆగుతుంది, కానీ నేను నొక్కి అటు తిరగ్గానే ఈ అతిథుల్ని పిలిచిన నవ్వుల సారు దాన్ని మెలితిప్పి పైకి లాగుతాడు, ఎవరైనా లాగొచ్చు దాన్ని, అందుకే నాకు తాళం కావాలి. తాళమిచ్చే స్టోర్సాయన్నేమో ఆ నవ్వుల సారే అతిథుల దారిలో పూలకుండీలు సర్దమని పంపాడు. పూలకుండీలు! బాబాయ్ చెయ్యి నా కోసం ఆగింది, నేను స్టోర్సాయన కోసం ఆగాను, స్టోర్సాయన పూలకుండీల దగ్గర ఆగాడు, మొత్తానికి ఒక మనిషి చెయ్యి బంతిపూల వెనకాల వరసలో నిలబడింది. ఎవర్ని తిట్టాలో కూడా తెలియడం లేదు నాకు.

ఇదే తంతు మా ఇంట్లో రోజూ పొద్దున జరిగేది. ఒకటే స్నానాలగది. అమ్మకి పెందలాడే డ్యూటీ, బస్సు తప్పిపోతుందని తువ్వాలు భుజాన వేసుకుని తలుపు ముందు నిలబడేది. లోపల తమ్ముడు, కళ్ళనిండా సబ్బు, తువ్వాలు మర్చిపోయి కేకలు. తువ్వాలు తేవలసింది నేను. నేను దండెం దాకా వెళ్ళేసరికి మావయ్య పట్టుకునేవాడు, కళ్ళజోడు ఎక్కడుందో చూడవే, ఇదిగో ఈ పేపరు ముక్క చదివి పెట్టవే అని. మావయ్య పెద్దవాడు కాబట్టి తమ్ముడి తువ్వాలుకన్నా ఆయన కళ్ళజోడే ముందు. ఎవరి లెక్క ప్రకారం చూసినా ఎవరూ తప్పు చెయ్యడం లేదు, అమ్మ బస్సు మాత్రం వెళ్ళిపోతోంది. ఒకరోజు అమ్మమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చేసింది. “అమ్మ వాడి కోసం ఆగింది కదా, అయితే వాడిప్పుడు అమ్మంతవాడు! వాడికి పని చేసేదానివి నువ్వు కదా, నువ్వూ అమ్మంతదానివే! మధ్యలో ఎవడడ్డొచ్చినా వినకు, నీ కళ్ళజోడు నువ్వే వెతుక్కోరా!” అప్పట్నించీ మా ఇంట్లో అదే రూలు. చాలా ఏళ్ళ తర్వాత కంప్యూటరు క్లాసులో ఇదే సంగతి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. అత్యవసరమైన పని ఒకటి చిన్నపని చేతిలో ఉన్న వస్తువు కోసం ఆగిపోతే, ఆ చిన్నపనికి అత్యవసరం హోదా తాత్కాలికంగా ఇచ్చెయ్యాలి, లేకపోతే నడిమి పనులన్నీ దూరి దాన్ని తొక్కేస్తాయి, అలా ఇవ్వని ఆపరేటింగ్ సిస్టమ్‌ని ప్రాణం మీదికొచ్చే పనికి వాడకూడదు అని. నాకు నవ్వొచ్చింది ఆ రోజు. ఇప్పుడు రావడం లేదు. ఇప్పుడు ఎవరైనా గరిటె పట్టుకుని బయటికొచ్చి నవ్వుల సారుని నీ కుండీలు నువ్వే సర్దుకోరా అంటే బాగుండును.

నవ్వుల సారంటే మా అమ్మకాల మేనేజరు. మనిషి చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే ఒక తిట్టు తిట్టి ఊరుకుందును. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు, నిన్న నేను కాయితాల మీద గీతలు చూపిస్తుంటే కూడా నవ్వుతూనే ఉన్నాడు. “ఏంటమ్మా నీ భయం? పాతదానికన్నా ఇది పదింతలు వేగం. ఇంకేం కావాలి?” వేగం! ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వేగం ఎవడిక్కావాలి? మా నాన్నకి స్కూటరుండేది, వీధిలో అంత జోరుగా నడిపేవాడు ఇంకొకడు లేడు, బడి వదిలాక నన్ను తీసుకెళ్ళడానికి సరైన వేళకి వచ్చిన రోజు మాత్రం నాకు గుర్తులేదు. దారిలో ఎవరు కనబడినా ఆగేవాడు, ఎవర్నీ నొప్పించలేడు, నలుగురితో నాలుగు మాటలు, మధ్యలో టైరులో గాలి, ఎవరో సాయమడిగితే అదీ. గేటు దగ్గర నేనూ వాచ్‌మనూ మిగిలేవాళ్ళం. మేనత్త మా ఇంట్లో ఉన్న ఏడాది ఆవిడొచ్చేది. కాలు కొంచెం ఈడ్చి నడిచేది, స్కూటరు లేదు, సైకిలు లేదు. గంట కొట్టేసరికి గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉండేది. ఒక్కరోజంటే ఒక్కరోజు తప్పలేదు. ఎలా అత్తా అంటే, “నేను మెల్లిగానే నడుస్తానే, కానీ నా నడకెంతో నాకు తెలుసు. దారిలో వాన పడితే ఎంత, కాలు నొప్పెడితే ఎంత, అన్నీ కలుపుకునే బయల్దేరతాను” అనేది. అదీ నాకు కావలసింది. ఎంత తొందరగా వస్తావని కాదు, ఎంత ఆలస్యమైనా ఇంతకు మించి కాదు అని చెప్పి, ఆ మాట మీద నిలబడేది కావాలి. మేనత్తలాంటి సిస్టమ్ కావాలంటే, మా నాన్న స్కూటరు తెచ్చి పెట్టి చూడమ్మా ఎంత జోరో అంటున్నారు.

ప్రెస్సుకి ఎప్పుడు దిగాలో ఎప్పుడు ఆగాలో చెప్పే పాత కంట్రోలరు మేనత్తే. బూడిదరంగు పెట్టె, తెర లేదు, బొమ్మలు లేవు, ఒక దీపం. అందులో ఉన్నది చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, నాలుగైదు పనులు, ఏ పని ఎంతసేపు తీసుకోగలదో చివరి ముక్క దాకా లెక్కకట్టి పెట్టాం. ప్రెస్సు ముందు అడ్డంగా కంటికి కనబడని వెలుతురు తెర ఉంటుంది, చెయ్యి దూరి ఆ వెలుతురు తెగిందంటే చాలు, పెట్టెలో ఏ పని జరుగుతున్నా అక్కడికక్కడ వదిలేసి, ఎవరి అనుమతీ అడక్కుండా, ఒకటే పని, ఆపడం. నూనె వేడెంతో చూస్తోందా, పక్కకి. దీపం వెలిగిస్తోందా, తర్వాత. మధ్యలో కొత్తగా చోటు కోసం వెతుక్కోవడం, ఎవరైనా ఖాళీ చేస్తారేమోనని ఆగడం, అలాంటివేం ఉండవు, కావలసినవన్నీ పొద్దున్నే పక్కన పెట్టుకునే కూర్చుంటుంది. కొత్తదానికి మెరిసే తెర కావాలన్నారు, గ్రాఫులు కావాలన్నారు, ఫోన్లో కనబడాలన్నారు. సరే పెట్టుకోండి, నాకేం కోపం లేదు, ఆ తెర నడిపే సిస్టమ్ కూడా మంచిదే, ఇళ్ళల్లో ఆఫీసుల్లో కోట్లమంది వాడుకుంటున్నారు, నేనూ వాడుకుంటున్నాను. పెద్ద కుటుంబంలో ఇల్లాలిలా అందరికీ తలా కాస్త వడ్డిస్తుంది, ఎవర్నీ పస్తుంచదు. కానీ చెయ్యిని కాపాడే పనికి అందరితో సమానంగా వడ్డన ఏమిటి, అది న్యాయమా? ఆపే పని వరకూ పాత పెట్టెనే పక్కన ఉంచండి బాబూ అని చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఒక మిషనుకి రెండు పెట్టెలా, దండగ అన్నారు. అన్నీ ఒకదాంట్లోనే వేసేశారు. ఇప్పుడు బాబాయ్ చెయ్యి, ఫోన్లో కనబడే రంగుల గ్రాఫు, రెండూ ఒకే వాకిట్లో నిలబడి పిలుపు కోసం ఎదురుచూస్తున్నాయి.

పరీక్షలు చేశాం కదా అంటారు. చేశారు, నాకు తెలుసు ఎలా చేశారో. రోజూ పొద్దున్నే ఆపి మళ్ళీ వేస్తారు, ఫోను కలపరు, గ్రాఫు తెరవరు, ఇంకే పనీ లేకుండా ఖాళీగా కూర్చున్నప్పుడు చెయ్యి బదులు కర్ర పెట్టి చూస్తారు. ఖాళీగా కూర్చున్నవాడు పిలవగానే పలకడం ఏం గొప్ప? పైగా ఎంత ఆలస్యమైందో కొలిచింది ఎవరు, ఆ మిషనే! అదే తన గడియారం చూసుకుని అదే చెప్పుకుంది. చెయ్యి నాకు కనబడిందిప్పుడు, నేను ఆపిందిప్పుడు, మధ్యలో ఇంతే అని. ఒరేయ్, నీకు కనబడేముందు చెయ్యి ఎంతసేపు అక్కడుందిరా? అది దానికెలా తెలుస్తుంది, అప్పుడది గ్రాఫు దాచుకునే పనిలో మునిగి ఉంది కదా. నిద్రపోయినవాణ్ణి ఎంతసేపు పడుకున్నావని అడిగితే, ఇప్పుడే లేచానండీ అని చెప్పాడు, ఈ పెద్దమనుషులు రాసుకున్నారు. నేను నిన్న బయటినుంచి వేరే పరికరం తగిలించి కొలిచాను. వెలుతురు తెగిన క్షణాన్నీ, ప్రెస్సు ఆగిన క్షణాన్నీ, మిషను మాట నమ్మకుండా. ఫోను కలిపాను, గ్రాఫులు తెరిచాను, అతిథుల ముందు తెరుస్తారు కదా అన్నీ. వందలసార్లు బుద్ధిగా ఆగింది. తర్వాత ఒకసారి ఆగలేదు. ఆగింది, ఆగకపోలేదు, కింద కర్ర రెండు ముక్కలయ్యాక ఆగింది. తెర మీద మాత్రం పచ్చగా, సకాలంలో ఆగాను అని చూపించింది. ఆ పచ్చరంగు చూసి నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కాదు, దాన్ని గుద్దాలనిపించింది.

విరిగిన కర్రముక్కలు తీసుకెళ్ళి నవ్వుల సారు బల్ల మీద పెట్టాను. “సగటు చూడమ్మా, సగటు,” అన్నాడు. “సగటున కనురెప్ప వేసేలోపు ఆగుతోంది. ఎప్పుడో లక్షలో ఒకసారి జరిగేదాన్ని పట్టుకుని...” లక్షలో ఒకసారట, నాకు వందల్లోనే వచ్చింది. లక్షే అనుకుందాం, ప్రెస్సు రోజంతా కొడుతూనే ఉంటుంది సార్, ఆ లక్ష నెల తిరక్కుండానే వస్తుంది, ఆ ఒక్కసారి ఏ రోజు వస్తుందో క్యాలెండర్లో వేసి ఉంటుందా? బాబాయ్ కుడిచేతికి ఐదు వేళ్ళున్నాయి సార్, సగటున నాలుగున్నర మిగుల్తాయంటే ఏ వేలు సగం? అడగలేదు ఇది, అడగాలని ఇప్పుడు తట్టింది, కావలసిన మాట కావలసినప్పుడు రాదు నాకు, మెట్లు దిగాక వస్తుంది. ఆలస్యంగా తట్టిన జవాబుకి విలువేముంది, నా వృత్తిలో నేను అందరికీ చెప్పేది అదే కదా, లెక్క సరిగ్గా చేసి ఆలస్యంగా చెప్తే అది తప్పు లెక్కే. పెద్ద సారుకి మెసేజ్ పెట్టాను, ఫోటోలు కూడా పెట్టాను. ‘సాయంత్రం చూద్దాం’ అని వచ్చింది. సాయంత్రం! సాయంత్రానికి చూడ్డానికి ఏం మిగులుతుందో.

పొద్దున బాబాయ్‌కి చెప్పాను. రాగానే తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళాను. షాపులో అందరికీ బాబాయే, పాతికేళ్ళుగా ప్రెస్సు నడుపుతున్నాడు, చెయ్యి పెట్టి చూపించడం ఆయనకి ఆట, అతిథులు అమ్మో అని కళ్ళు మూసుకుంటే ఆయన మీసాల్లో నవ్వుకుంటాడు. అదంతా బూడిద పెట్టె రోజుల్లో. “వద్దు బాబాయ్, ఇది అది కాదు” అంటే విన్నాడు, శ్రద్ధగానే విన్నాడు. “నేను పెట్టనంటే ఇంకెవడి చెయ్యో పెట్టిస్తారు అమ్మాయ్. నా చెయ్యికైతే అలవాటు, చటుక్కున లాగేస్తా” అన్నాడు. అలవాటేమిటి బాబాయ్, నువ్వు లాగేలోపు అది దిగిపోతుంది బాబాయ్! ఆ చేతులతోనే పొద్దున్నే మనవరాలికి రెండు జడలు వేస్తాడు. కూతురికి పొద్దుటి డ్యూటీ, ఇంకెవరూ లేరు. వంకర రాకుండా ఎలా వెయ్యాలో నేర్పమని క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుంటే, ఎరుపు, పసుపు, నీలం వైరుముక్కలు మూడు తీసుకుని నేర్పాను. అంత లావు వేళ్ళు, ఎంత భయం భయంగా పట్టుకున్నాడో వైర్లని. తర్వాత ఒకరోజు ఫోన్లో ఫోటో చూపించాడు, పాపాయి వెనక్కి తిరిగి నిలబడింది, పాపిడి తిన్నగా ఉంది, రెండు జడలూ ఒక్కలాగే ఉన్నాయి. షాపంతా తిరిగి చూపించాడు ఆ ఫోటో, నవ్వుల సారుకి కూడా.

ఇంకా రాలేదు. రేకు మీద సుద్ద అలాగే ఉంది. లేచి వెళ్ళి కుండీల దగ్గర్నుంచి లాక్కొద్దామా అంటే, నేను అటు వెళ్ళినప్పుడు ఆయన ఇటొస్తే? కూర్చోమంటోంది బుద్ధి. వరసలో ఉన్నావు కదా, నీ వంతు వస్తుంది, మర్యాదగా కూర్చో. ఎంత మర్యాదగా కూర్చున్నానో చూడు, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఎవరి మీద కోపంగా ఉన్నాను నేను పొద్దుట్నుంచీ, అత్యవసరాన్ని వరసలో నిలబెట్టేవాళ్ళ మీద కదా? మరి నేను చేస్తున్నదేమిటి? ఎర్రతాళమే కావాలని ఎవరన్నారు, కట్టుబాటులో రంగు గురించి ఉందా? వేసినవాళ్ళే తియ్యాలని ఉంది. అంతే ఉంది. పిడి కన్నంలో దూరే తాళం ఏదైనా తాళమే. ఇంతసేపట్నుంచీ నా వేళ్ళు జేబులో తిప్పుతున్నదేమిటి? తాళంచెవి. దేనిది? బట్టలు మార్చుకునే గదిలో నా లాకరుది. ఆ లాకరుకి వేలాడుతోంది చొట్టపడ్డ ఇత్తడి తాళం, లోపల ఒక దువ్వెన, ఒక పాత చెప్పుల జతకి కాపలా కాస్తోంది, ఓసి మొద్దు మొహమా! గేటు దగ్గర హారను. ఒకటి, ఇంకొకటి. వచ్చేశారు.

మెట్లు ఎన్ని దిగానో, గదిలో ఎవరు పలకరించారో తెలియదు, లాకరు తలుపు తెరుచుకుని వెనకాల కొట్టుకుంటూనే ఉంది, తాళం వేడిగా ఉందా నా చెయ్యే వేడిగా ఉందా. షాపు తలుపు తోసేసరికి అందరూ అప్పటికే ప్రెస్సు చుట్టూ అర్ధచంద్రంలా నిలబడి ఉన్నారు. తెర మీద రంగుల గ్రాఫులు పాకుతున్నాయి, ఒకాయన చేతిలో ఫోను పట్టుకుని అబ్బ అంటున్నాడు, నవ్వుల సారు నవ్వుతూ, “ఇప్పుడు చూడండి, కర్రలూ గిర్రలూ కాదు, నిజం చెయ్యి” అంటున్నాడు. బాబాయ్ చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు. నేను ఎవరికీ నమస్కారం పెట్టలేదు, ఎవర్నీ తప్పుకోమనలేదు, గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ పిడి కిందికి లాగాను. ప్రెస్సు ఊపిరి వదిలినట్టు బుస్సుమంది, తెర నల్లబడింది. కన్నంలో తాళం దూర్చి నొక్కాను. క్లిక్కుమంది.

“ఏంటమ్మా ఇది!” నవ్వుల సారు మొహంలో నవ్వు లేకుండా చూడ్డం నాకదే మొదటిసారి. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “తియ్యి. రెండు నిమిషాలు తియ్యి. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వేసుకుందువుగాని.”

“నా తాళం సార్. నేనే తియ్యాలి. తియ్యను.”

అతిథుల్లో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ ప్రెస్సు బల్ల మీద చెయ్యి ఆనించుకుని నిలబడింది. “ఏమైందండీ? ఇది ఆగదా?” అని నన్నే అడిగింది. వంద మాటలు కూర్చుకున్నాను పొద్దుట్నుంచీ, మేనత్త గురించి, సిస్టమ్ గురించి, నిద్రపోయిన గడియారం గురించి. నోట్లోంచి ఒక్క ముక్కే వచ్చింది.

“ఆగుతుందండీ. సగటున.”

ఆవిడ బల్ల మీంచి చెయ్యి తీసేసింది. పక్కాయన ఫోను జేబులో పెట్టుకుని, చేతులు కూడా జేబుల్లోనే ఉంచేసుకున్నాడు. ఒక్కొక్కరే అర అడుగు వెనక్కి జరిగారు. బాబాయ్ నా తాళం వంక చూశాడు, ఆరిపోయిన తెర వంక చూశాడు, తర్వాత మడిచిన చొక్కా చెయ్యి మెల్లిగా కిందికి దించుకుని గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పట్టడం లేదు గుండీ. నేను వెళ్ళి పెట్టాను.

అప్పుడొచ్చాడు స్టోర్సాయన. ఆయాసపడుతూ, మోకాళ్ళ దాకా కుండీల మట్టితో, జనాన్ని తప్పించుకుంటూ తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. “ఇదిగోనమ్మా, నీ ఎర్రతాళం. ఆలస్యమేం కాలేదు కదా?” తీసుకున్నాను. కొత్త తాళం, ఇంకా నూనె వాసన వేస్తోంది. దాని మీద నా పేరు కూడా గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా, చక్కగా రాసి తెచ్చాడు.